బిడ్డకు టీకా వేయించాక: ఏ ఇబ్బంది ఏ రోజు వస్తుంది, అప్పుడేం చేయాలి

నెలన్నర సూది వేయించిన రాత్రి బిడ్డ ఒళ్ళు వెచ్చబడితే ఇంట్లో తలో మాట అంటారు. "సూది జ్వరమే, తెల్లారేసరికి పోతుంది" అని ఒకరు, "ఒక్కరోజే అన్ని సూదులా" అని ఇంకొకరు, "దిష్టి తగిలింది" అని మరొకరు. మొదటి మాట చాలాసార్లు నిజమే. కానీ నాలుగో రోజు వచ్చిన జ్వరానికి కూడా అదే మాట అనుకుని ఊరుకుంటే ప్రమాదం. ఇబ్బంది పెట్టే సమయం ఒక్కో టీకాకు ఒక్కోలా ఉంటుంది. నెలన్నర నుంచి వేసే పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే సూది) జ్వరం ఆ రాత్రే వస్తుంది. తట్టు టీకా జ్వరం దాదాపు వారానికి వస్తుంది. క్షయ రాకుండా వేసే బీసీజీకి మామూలుగా జ్వరమే రాదు, కొన్ని వారాలకు భుజం మీద చిన్న పొక్కు లేస్తుంది. ఈ లెక్క తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. మిగతా సగం ఎప్పుడు పడాలో తెలుస్తుంది.

కార్డు దగ్గర మొదలుపెట్టండి

మన దగ్గర తొలి కాన్పు చాలామందికి పుట్టింట్లోనే. పుట్టగానే వేసే టీకాలు అక్కడి ఆస్పత్రిలో, నెలన్నర సూది ఆ ఊరి సబ్‌సెంటర్‌లో, ఆ తర్వాతివి అత్తారింట్లోనో హైదరాబాద్, బెంగళూరుల్లోనో పడతాయి. ఇన్ని చోట్ల తిరిగేసరికి ఏది వేశారో, ఏది మిగిలిందో కన్నతల్లికే గుర్తుండదు. అందుకే గర్భిణిగా ఉన్నప్పుడు ఇచ్చే తల్లీబిడ్డల కార్డును బిడ్డతో పాటు ప్రయాణం చేయించండి. ప్రతి టీకా పడ్డాక ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి, అమ్మకూ నాన్నకూ ఇద్దరి దగ్గరా ఉంచండి. ఇప్పుడు ప్రభుత్వ యూ-విన్ పోర్టల్‌లో ఫోన్ నంబరుతో నమోదు చేస్తున్నారు, సర్టిఫికెట్ కూడా అందులోనే వస్తుంది. ఊరు మారినా ఆ నంబరు మార్చకండి.

ప్రభుత్వ పట్టిక ఇలా ఉంటుంది. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్ బి. ఈ హెపటైటిస్ డోసు ఒక్కటే గంటలు లెక్కపెట్టి వేయాల్సింది. తల్లి నుంచి బిడ్డకు ఆ వైరస్ సోకే ప్రమాదం కాన్పు సమయంలోనే ఎక్కువ కాబట్టి ఆలస్యమైతే ఆ డోసుకు అర్థం ఉండదు. ప్రైవేటు ఆస్పత్రిలో కాన్పయితే "హెపటైటిస్ బి వేశారా, ఎన్ని గంటలకు" అని డిశ్చార్జి దాకా ఆగకుండా మీరే అడగండి.

తర్వాత నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలల సూదులు. వారాల్లో చెప్తే 6, 10, 14. మూడుసార్లూ పెంటావాలెంట్, పోలియో చుక్కలు, విరేచనాల జబ్బు రాకుండా వేసే రోటావైరస్ చుక్కలు ఉంటాయి. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ అనే బ్యాక్టీరియా జబ్బులు (న్యుమోనియా, మెదడు పొరల వాపు), ఈ ఐదింటికీ పెంటావాలెంట్ ఒక్కటే సూది. నెలన్నరకూ మూడున్నర నెలలకూ అదనంగా పీసీవీ (న్యుమోనియా రాకుండా వేసే ఇంకో టీకా), పోలియో సూది పడతాయి. అంటే ఆ రెండుసార్లూ మూడేసి పోట్లు: ఎడమ తొడకు పెంటా, కుడి తొడకు పీసీవీ, కుడి భుజం మీద చర్మంలోకి పోలియో. రెండున్నర నెలలకు ఒకటే పోటు.

తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లాలకు ఎంఆర్ టీకా, పీసీవీ బూస్టర్, పోలియో సూది మూడో డోసు, విటమిన్ ఎ సిరప్. ఈ మూడో పోలియో సూదిని 2023లో చేర్చారు. అంతకుముందు పుట్టిన పెద్దబిడ్డ కార్డుతో పోల్చి చూసుకుని కంగారుపడకండి. 16 నుంచి 24 నెలల మధ్య ఎంఆర్ రెండో డోసు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు) బూస్టర్, పోలియో చుక్కలు. ఐదారేళ్ళకు ఇంకో డీపీటీ. పదేళ్ళకూ పదహారేళ్ళకూ ధనుర్వాతం, కంఠసర్పిలకు టీడీ. జపనీస్ మెదడువాపు టీకా ఎంపిక చేసిన జిల్లాల్లో మాత్రమే ఇస్తారు. మీ జిల్లా అందులో ఉందో లేదో టీకాలు వేసే నర్సమ్మ, అంటే ఏఎన్ఎం చెప్తుంది.

బయల్దేరే ముందు

జలుబు చేసిందనో, విరేచనాలు రెండు ఎక్కువయ్యాయనో, యాంటీబయాటిక్ వాడుతున్నామనో టీకా వాయిదా వేయకండి. చిన్నపాటి జలుబు, వెచ్చదనం టీకాకు అడ్డు కావు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకూ మామూలుగా పుట్టిన తేదీ లెక్కనే వేస్తారు. బరువు తక్కువ పిల్లలకైతే టీకా ఇంకా అవసరం. ఒళ్ళు కాలిపోతుంటే, బిడ్డ ఆస్పత్రిలో ఉంటే అప్పుడు ఆగొచ్చు, కోలుకోగానే వేయించాలి.

ముందే నోరు తెరిచి చెప్పాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి. కిందటి డోసుకు ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం లాంటివి వచ్చాయా? వారంలోపు మూర్ఛ వచ్చిందా, స్పృహ తప్పిందా? బిడ్డకు రోగనిరోధక శక్తికి సంబంధించిన జబ్బు ఉందా, స్టెరాయిడ్ మందులు నడుస్తున్నాయా? వీటిలో ఏది ఉన్నా సెషన్ దగ్గర కాకుండా డాక్టర్ దగ్గరే నిర్ణయం జరగాలి. ఆ టీకాను పూర్తిగా మానేయాలని దీని అర్థం కాదు. ఉదాహరణకు రోగనిరోధక శక్తి బాగా తగ్గిన బిడ్డకు బీసీజీ, ఎంఆర్ లాంటి సజీవ టీకాలతోనే (బలం తగ్గించిన బతికున్న క్రిమితో చేసినవాటితోనే) ఇబ్బంది. పెంటా వేయొచ్చు.

తొడలు, భుజాలు సులువుగా బయటపెట్టగలిగే బట్టలు వేయండి. పాలు పట్టండి. మన ఊళ్ళలో టీకాలు ఎక్కువగా బుధ, శనివారాల్లో వేస్తారు. ఏ వారం మీ అంగన్‌వాడీకి వస్తారో ఆశా కార్యకర్తను ముందే అడిగితే ఎండలో తిరగక్కర్లేదు.

టీకా వేసే చోట

చుక్కలు ముందు వేయించండి. ఏడుస్తున్న బిడ్డ నోట్లో చుక్కలు వేస్తే సగం బయటికే వస్తాయి.

సూది పడేటప్పుడు బిడ్డ మీ ఒళ్ళో ఉండాలి, వీలైతే పాలు తాగుతూ ఉండాలి. పాలు తాగుతున్న బిడ్డ తక్కువ ఏడుస్తుంది. పసిబిడ్డకు పిరుదు మీద టీకా వేయరు. తొడకు బయటి వైపు వేస్తారు. సిరంజి మీ ముందే ప్యాకెట్ విప్పాలి. ఇప్పుడు వాడేవి ఒకసారి నొక్కాక మళ్ళీ పనికిరాని సిరంజిలు. సీసా మీద గుండ్రటి గుర్తులో చిన్న చతురస్రం కనిపిస్తుంది. అది చుట్టూ ఉన్న రంగు కంటే లేతగా ఉంటే మందు బాగున్నట్టు. అదే రంగుకు తిరిగినా, ఇంకా ముదిరినా వాడకూడదు.

బీసీజీ, ఎంఆర్ పొడిగా వస్తాయి, కలిపాక 4 గంటలు దాటితే పారేయాలి. సీసా మీద కలిపిన టైమ్ రాసి ఉండాలి. "ఇది ఎన్ని గంటలకు కలిపారమ్మా" అని అడగడం తప్పు కాదు, ఏ మంచి నర్సమ్మా నొచ్చుకోదు. పెంటా, పీసీవీ లాంటివి తెరిచాక సరిగ్గా నిల్వచేస్తే 28 రోజుల వరకు వాడొచ్చు కాబట్టి తెరిచిన సీసా చూసి బెదరకండి.

అయిపోయాక 30 నిమిషాలు అక్కడే కూర్చోండి. అందరూ ఎగ్గొట్టేది ఇదే. ఆటో వాడు తొందరపెడతాడు, బిడ్డ నిద్రపోయింది కదా అనిపిస్తుంది. కానీ టీకాల్లో అసలు భయపడాల్సిన ఎలర్జీ, అంటే ఊపిరాడకపోవడం, పెదాలు వాయడం, ఒళ్ళంతా దద్దుర్లు లేచి బిడ్డ వాలిపోవడం, చాలావరకు నిమిషాల్లోనే మొదలవుతుంది. దాదాపు పది లక్షల డోసుల్లో ఒకదానికి వచ్చేంత అరుదు. వస్తే వెంటనే వేయాల్సిన అడ్రినలిన్ ఏఎన్ఎం కిట్‌లో ఉంటుంది, మీ ఆటోలో ఉండదు. ఆ అరగంటలో ఆమెను నాలుగు విషయాలు అడిగేయండి: ఏవి వేశారు, ఏం ఇబ్బంది రావచ్చు, మళ్ళీ ఎప్పుడు రావాలి, జ్వరం మందు ఈ బరువుకు ఎంత.

ఆ రాత్రి

పెంటా, డీపీటీ పడిన సాయంత్రం నుంచి జ్వరం, చిరాకు, సూది చోట ఎరుపు, వాపు, నొప్పి సహజం. ఎక్కువ శాతం పిల్లలకు రెండు రోజుల్లో తగ్గిపోతాయి. ఇందులో కోరింత దగ్గు క్రిమి మొత్తాన్నీ చంపి వాడతారు కాబట్టి శరీరం గట్టిగానే స్పందిస్తుంది. ప్రైవేటులో "నొప్పి లేని సూది" అని అమ్మేది ఆ క్రిమిలోని కొన్ని భాగాలతో చేసినది. దాంతో జ్వరం, వాపు తక్కువ. అయితే కోరింత దగ్గు నుంచి రక్షణ మొదటి రకంతో ఎక్కువ కాలం నిలుస్తుంది. నా వరకు ఒక రాత్రి జ్వరానికి భయపడి డబ్బు పెట్టాల్సిన పని లేదు. కిందటి డోసుకు గట్టి ఇబ్బంది వచ్చి డాక్టర్ చెప్తే అది వేరే సంగతి.

జ్వరం వస్తుందేమో అని ముందుగానే మందు పోయకండి. వచ్చాక, లేదా నొప్పికి ఊరుకోకుండా ఏడుస్తుంటే పారాసెటమాల్ ఇవ్వండి. తప్పు జరిగేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి. డోసు వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరేసి గంటలకు, రోజులో నాలుగుసార్లకు మించకుండా. దుకాణంలో ఒకే పేరుతో మూడు బలాల సీసాలు దొరుకుతాయి. చుక్కల మందులో సాధారణంగా 1 ఎంఎల్‌కు 100 మిల్లీగ్రాములు. మామూలు సిరప్‌లో 5 ఎంఎల్‌కు 120 లేదా 125. ఎక్కువ బలం సిరప్‌లో 5 ఎంఎల్‌కు 250. నాలుగున్నర కిలోల నెలన్నర బిడ్డకు చుక్కల మందైతే అర ఎంఎల్, మామూలు సిరప్ అయితే 2 ఎంఎల్, బలమైనదైతే 1 ఎంఎల్. ఎనిమిది కిలోల బిడ్డకు ఇవే 1, 4, 2 ఎంఎల్. "పెద్దోడికి 2 ఎంఎల్ ఇచ్చాం" అని సిరప్ లెక్క గుర్తుపెట్టుకుని పసిబిడ్డకు చుక్కల మందు 2 ఎంఎల్ పోస్తే నాలుగు రెట్లు పోసినట్టే. సీసా మీద బలం చదివి, ఆ సీసాతో వచ్చిన డ్రాపర్ లేదా కొలత మూతే వాడండి. మూడు నెలలు నిండని బిడ్డకు ఈ లెక్కను ఏఎన్ఎంతోనో డాక్టర్‌తోనో ఒకసారి సరిచూసుకుని ఇవ్వండి.

ఆస్పిరిన్ వద్దు. నిమెసులైడ్ 12 ఏళ్ళలోపు పిల్లలకు మన దేశంలో 2011 నుంచి నిషేధం, ఇంట్లో పాత సీసా ఉంటే పారేయండి. స్వెటరు, టోపీ, దుప్పటి కప్పి చెమట పట్టించాలని చూడకండి. పల్చటి బట్ట చాలు. ఒళ్ళు తుడవాలంటే గోరువెచ్చని నీళ్ళు, చన్నీళ్ళు కాదు. పాలు మామూలు కంటే తరచుగా పట్టండి. స్నానం చేయించొచ్చు, టీకాకు దానితో పేచీ లేదు.

వాచిన తొడ మీద చల్లని తడిగుడ్డ వేయండి. రుద్దొద్దు. వేడి కాపడం, పసుపు, సున్నం, ఉల్లిపాయ ముద్ద వద్దు. చిన్న గట్టి గడ్డలా కొన్ని వారాలు ఉండిపోవచ్చు. నొప్పి లేకుండా మెల్లగా కరుగుతుంటే దాని జోలికి పోకండి. మూడో రోజు తర్వాత వాపు పెరుగుతూ, వేడిగా, ఎర్రగా ఉంటే చీము పడుతోందేమో చూపించాలి.

రోటా చుక్కల తర్వాత ఒకటి రెండు రోజులు పలచటి విరేచనాలు, కొంచెం వాంతి ఉండొచ్చు. చాలా అరుదుగా పేగు ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోతుంది, ఎక్కువగా మొదటి వారంలోనే. కాళ్ళు పొట్ట మీదికి ముడుచుకుని కాసేపు గట్టిగా ఏడవడం, కాసేపు నీరసంగా పడుండటం, మళ్ళీ ఏడవడం, వాంతులు, రక్తం కలిసిన జిగట విరేచనం దాని గుర్తులు. ఇలా కనిపిస్తే అర్ధరాత్రైనా పెద్దాస్పత్రికి వెళ్ళండి.

రోజుల తర్వాత, వారాల తర్వాత

ఎంఆర్ టీకా సజీవమైనది, కాబట్టి శరీరంలో పనిచేయడానికి దానికి టైమ్ పడుతుంది. సుమారు 6 నుంచి 12 రోజుల మధ్య కొందరు పిల్లలకు జ్వరం, సన్నటి ఎర్ర పొక్కులు వస్తాయి, రెండు మూడు రోజుల్లో పోతాయి. ఈలోగా టీకా సంగతి మర్చిపోయి ఉంటారు కదా, ఇంట్లో "అమ్మవారు పోసింది" అని మందులు ఆపేసి వేపాకు కట్టేస్తారు. వేపాకు కట్టుకోండి, ఎవరూ వద్దనరు, కానీ జ్వరం మందు ఆపకండి. క్యాలెండర్‌లో టీకా తేదీ చూసుకోండి.

ఏడాదిన్నర సూదుల్లో డీపీటీ, ఎంఆర్ ఒకే రోజు పడతాయి కాబట్టి రెండు జ్వరాలు రావచ్చు. ఆ రాత్రిది డీపీటీది, వారానికి వచ్చేది ఎంఆర్‌ది. మధ్యలో నాలుగో రోజు వచ్చింది ఈ రెండింటిలో దేని లెక్కకూ సరిపోదు. వేరే జబ్బు ఉందేమో డాక్టర్ చూడాలి. మలేరియా, డెంగీ, మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటివి టీకా వారం చూసి ఆగవు. ఇంకో సంగతి: ఎంఆర్ వేసిన కొన్ని గంటల్లోనే విపరీతమైన జ్వరం, వాంతులు, నీళ్ళ విరేచనాలు కలిసి వస్తే అది టీకా స్వభావం కాదు. కలిపిన మందు పాడై ఉండొచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళి, ఆ సెషన్ ఏఎన్ఎంకు ఫోన్ చేయండి. అదే సీసా నుంచి ఇంకా కొందరు పిల్లలకు వేసి ఉంటారు.

బీసీజీ వేసిన ఎడమ భుజం మీద రెండు మూడు వారాలకు చిన్న పొక్కు లేచి, పగిలి, పుండై, రెండు మూడు నెలల్లో మచ్చగా మారుతుంది. గిల్లకండి, ఆయింట్‌మెంట్ పూయకండి, కట్టు కట్టకండి. ఎడమ చంకలో పెద్ద గడ్డ కనిపించినా, అది మెత్తబడి చీము పట్టినా చూపించండి. మచ్చ పడకపోతే టీకా పట్టలేదని మళ్ళీ వేయించాల్సిన పని లేదు.

ఇంట్లో ఉండకూడని సందర్భాలు

మూడు గంటలకు పైగా ఆగకుండా ఏడిస్తే, రంగు పాలిపోయి మెత్తగా వాలిపోయి పిలిచినా పలకకపోతే, పాలు అసలు తాగకపోతే, జ్వరం 102 డిగ్రీలు దాటి మందుకు లొంగకపోతే, టీకా జ్వరం 48 గంటలు దాటినా తగ్గకపోతే అదే పూట డాక్టర్‌కు చూపించండి. మూడు నెలలు నిండని బిడ్డకు, టీకా వేసిన మొదటి రెండు రోజులు కాకుండా ఎప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా ఆ రోజే చూపించాలి.

జ్వరంలో ఫిట్స్ వస్తే బిడ్డను పక్కకు తిప్పి నేల మీద పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్ళు పోయడం ఏవీ వద్దు. ఎన్ని నిమిషాలు వచ్చిందో గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. వెంటనే ఆగిపోయినా ఆస్పత్రిలో చూపించాల్సిందే. జ్వరం ఫిట్స్ చూడటానికి భయంకరంగా ఉంటాయి కానీ చాలావరకు మెదడుకు హాని చేయవు.

ఆస్పత్రి దాకా వెళ్ళిన ఏ ఇబ్బందినైనా ఏఎన్ఎంకు లేదా పీహెచ్‌సీ డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, టీకా ప్రైవేటులో వేయించినా సరే. తీవ్రమైన కేసులను జిల్లా స్థాయిలో విచారిస్తారు. చెప్తే ఎవరో ఇబ్బందుల్లో పడతారని మొహమాటపడకండి.

డోసు తప్పిపోతే

మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టరు. ఆగిన చోటు నుంచి కొనసాగిస్తారు. పెంటాకైతే డోసుకూ డోసుకూ కనీసం 4 వారాలు ఉంటే చాలు. బీసీజీ ఏడాది లోపు, పెంటా మొదటి డోసు ఏడాది లోపు, ఎంఆర్, పోలియో చుక్కలు ఐదేళ్ళ లోపు ప్రభుత్వ కేంద్రంలో వేస్తారు. పెంటా అసలు మొదలుపెట్టకుండా ఏడాది దాటిన బిడ్డకు డీపీటీ వేస్తారు. "ఇన్నాళ్ళు ఏం చేశారు" అని కసురుతారేమోనని కొందరు వెళ్ళడమే మానేస్తారు. కసిరినా పట్టించుకోకండి, టీకా వేయించుకునే రండి.

ప్రైవేటు పిల్లల డాక్టర్ పట్టికలో వీటికి తోడు గవదబిళ్ళలు కూడా కలిసిన ఎంఎంఆర్, ఆటలమ్మ, హెపటైటిస్ ఎ, టైఫాయిడ్, ఫ్లూ టీకాలు ఉంటాయి. అమెరికా వెళ్ళే కుటుంబాలకు వీటిలో కొన్ని అక్కడి స్కూల్లో చేరేటప్పుడు అడుగుతారు. తేదీలతో సహా ఇంగ్లీషులో రాయించుకుని తీసుకెళ్ళండి, తేదీ లేని డోసును లెక్కలోకి తీసుకోరు.

పదేళ్ళ, పదహారేళ్ళ టీడీకి జ్వరం కంటే కళ్ళు తిరగడమే ఎక్కువ. స్కూల్లో వరుసగా నిలబెట్టి వేస్తే ఒకరు పడిపోగానే చూసి ఇంకో ఇద్దరు పడిపోతారు. పొద్దున్నే టిఫిన్ పెట్టి పంపండి, కూర్చుని వేయించుకుని పావుగంట కూర్చునే ఉండమని చెప్పండి.